కాంటీన్ నీళ్ళు కలవని చోట

పోయిన వారం మా అక్క మనవరాలు నన్ను తార్నాక మెట్రో స్టేషన్ దగ్గర ఆటో ఎక్కించి, తను ఎంబీఏ చదువుతున్న యూనివర్సిటీ క్యాంపస్‌కి తీసుకెళ్ళింది. కంపెనీలు తమ ప్రణాళికల్లోనూ రోజువారీ పనుల్లోనూ పర్యావరణాన్ని ఎలా కలుపుకోవాలో వాళ్ళ క్లాసుకి ఎవరో పెద్దమనిషి వచ్చి చెప్పాలట. ఆయన చివరి నిమిషంలో రాలేనన్నాడు కాబట్టి, ఇంట్లో ఖాళీగా ఉన్న నేను గుర్తొచ్చాను. ఆ సంగతి పిల్ల దాచలేదు, నేనూ ఏమీ అనుకోలేదు. వాళ్ళ లెక్చరరమ్మ తెర మీద ఒక బొమ్మ వేసింది. పైన వ్యూహం, కింద ఉత్పత్తి, అమ్మకాలు, సిబ్బంది, వీటన్నిటి చుట్టూ ఆకుపచ్చ రంగు వలయం. చూడడానికి ముచ్చటగానే ఉంది గాని, నా పాడు బుద్ధి ఊరుకోదు కదా, ఆ బొమ్మలో మురుగు కాలువ ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఎందుకంటే నా మొదటి ఉద్యోగం మురుగు కాలువ దగ్గరే. ఇదే క్యాంపస్‌లో కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి బయటికి రాగానే, ఊరికి దూరంగా మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చేరాను. రైల్వే ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ మా నాన్న, ఆడపిల్ల తెల్లకోటు వేసుకుని మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తుందని నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవారు. తెల్లకోటు మాట నిజమే. ఆ కోటు వేసుకుని నేను చేసేది ఫ్యాక్టరీ మురుగునీళ్ళు శుభ్రం చేసే విభాగంలో, అంటే మేమంతా ఈటీపీ అనే చోట, సీసాతో నీళ్ళు పట్టుకుని పరీక్ష చేయడమని మాత్రం ఆయనకు నేనెప్పుడూ విడమరిచి చెప్పలేదు. ఆ రోజుల్లో ఈటీపీకి ఎవరినైనా వేశారంటే వాళ్ళ మీద పై అధికారికి కోపమొచ్చిందని అర్థం. నన్ను మాత్రం ఆడపిల్లకి తేలిక పని అని వేశారు.

నాకంటే ముందు అక్కడ పనిచేసినాయన వెళ్ళిపోతూ, గేటు పక్కన వేపచెట్టు నీడలో ఉన్న డ్రెయినేజీ చాంబర్ చూపించి, రోజూ పదకొండింటికి ఇక్కడ సీసా ముంచమన్నాడు. శుభ్రం చేసిన నీళ్ళు ఫ్యాక్టరీ గోడ దాటేది అక్కడే, తనిఖీకి వచ్చేవాళ్ళు పట్టుకునేదీ అక్కడే, పైగా చీర తడవకుండా వంగడానికి గట్టు కూడా ఉంది. రెండేళ్ళపాటు నేను ఒక్క రోజు తప్పకుండా ఆ పని చేశాను. నీళ్ళల్లో మిగిలిపోయిన రసాయనం ఎంతో తేల్చే పరీక్ష అది, రెండు గంటలు మరగబెట్టాలి, పక్కనుంచి కదలకూడదు. ఫలితం ఎప్పుడు చూసినా బాగానే ఉండేది. మా మేనేజరుగారు నా అంకెలతో గ్రాఫు గీయించి తన గదిలో గోడకు తగిలించారు. వచ్చినవాళ్ళకల్లా దాన్ని చూపిస్తుంటే, నిజం చెప్పొద్దూ, నాకు కాళ్ళు నేల మీద ఆనేవి కావు. ఆ గ్రాఫు చూసుకునే యాజమాన్యం, ఉన్న ఈటీపీ చాలు, పక్కనే మందులు తయారుచేసే ఇంకో బ్లాకు కట్టేయొచ్చని నిర్ణయించింది. భూమి పూజకు ముహూర్తం పెట్టారు, కార్డులు అచ్చువేశారు. నా ఉద్యోగం పర్మనెంటు కావలసింది కూడా ఆ నెలలోనే.

పూజ ఇంకా పది రోజులుందనగా ఒకనాడు నా పరీక్షలో అంకె ఆకాశానికెక్కింది. నా రసాయనాలు చెడిపోయాయనుకుని కొత్తవి కలిపాను, గాజు సామాను కడిగిందే కడిగాను, మూడుసార్లు చేసినా అదే. మా ఈటీపీ ఆపరేటరు ఆ పక్క ఊరివాడే, నాకంటే వయసులో బాగా పెద్ద, నా హడావుడి కాసేపు చూసి నెమ్మదిగా అన్నాడు. "ఇయ్యాల కాంటీన్ బందున్నది గద మేడమ్, బోరు మోటరు కాలిపోయింది. దినాం గా బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు మీరు సీసా ముంచే కాడనే కలుస్తయ్."

కాంటీన్ పైపు ఆ చాంబర్‌లోకే వస్తుందని నాకు తెలియదు. పదకొండు గంటలంటే సరిగ్గా వంటవాళ్ళు మధ్యాహ్నం భోజనాలకు బోరునీళ్ళు కుమ్మరించి కడిగే వేళ. రెండేళ్ళుగా నేను పరీక్ష చేసింది ఫ్యాక్టరీ నీళ్ళు కాదు, బోరునీళ్ళు కలిపి పలచన చేసిన ఫ్యాక్టరీ నీళ్ళు. ఎవరూ మోసం చేయలేదు. వెనకటాయన చూపించిన చోట ముంచాను, ఆయనకు ఇంకెవరో చూపించి ఉంటారు, మూత ఎత్తి అందులోకి ఏ పైపులు వస్తున్నాయో చూడాలని మా ఇద్దరికీ తోచలేదు. ముందే ఎందుకు చెప్పలేదని ఆపరేటరు మీద కసురుకుంటే, మీరు అడగలేదు కదా అన్నాడు. ఆ నీళ్ళు పోయేది అతని ఊరి చేల వైపే. బావి నీళ్ళు కొన్నాళ్ళుగా చేదెక్కాయని, గొడ్లు తాగడంలేదని కూడా ఆ పూటే చెప్పాడు.

ఆ సాయంత్రం తార్నాకలో బస్సు దిగి ఇంటికి పోకుండా, క్యాంపస్‌లో నాకు ఎమ్మెస్సీలో పాఠం చెప్పిన మాస్టారి గదికి నడుచుకుంటూ వెళ్ళాను. ఆయన ఓదార్చే రకం కాదు. ఒక్కరోజు అంకె పట్టుకుని ఎవరి దగ్గరికీ పోవద్దు, కాంటీన్ నీళ్ళు కలవకముందు ఉండే పై చాంబర్ నుంచి ఐదు రోజులు వేర్వేరు వేళల్లో నీళ్ళు పట్టుకురా, ఇక్కడ మన లాబ్‌లో చేద్దాం అన్నారు. ఇక ఆ ఐదు రోజులూ నేను పడ్డ అవస్థ ఏమని చెప్పను. సీసాలు ఐసుముక్కల మధ్య పెట్టి, క్యారియర్ సంచిలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఫ్యాక్టరీ బస్సంతా ముక్కులు మూసుకుని, ఎవరింట్లో పప్పు పాసిపోయిందా అని ఒకరి సంచి ఒకరు వాసన చూసుకున్నారు. నేనూ వాళ్ళతోపాటు ముక్కు మూసుకుని ఆశ్చర్యపోయాను. లాబ్‌లో మాత్రం అంకెలు ఏ రోజూ నా మీద దయ చూపలేదు.

ఆరో రోజు పొద్దున, రెండేళ్ళుగా నేను సంతకం పెట్టిన ఫలితాలు తప్పని ఒక కాగితం మీద రాసి మేనేజరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన కేకలు వేయలేదు, అది ఇంకా భయం. పూజ అయ్యేదాకా ఈ కాగితం నీ దగ్గరే ఉంచుకో, తర్వాత నిదానంగా చూద్దాం అన్నారు. చెడ్డమనిషి కాదాయన, పిలుపులన్నీ అయిపోయాక ఆయనకు మాత్రం ఏం తోస్తుంది? ఇంట్లో నాన్న ముఖం, పర్మనెంటు కాగితం, రెండూ కళ్ళ ముందు మెదిలాయి. అయినా నా నోటివెంట, ఇవాళ్టి నుంచి పై చాంబర్ నీళ్ళే పరీక్ష చేస్తాను సార్, గ్రాఫులో అదే వస్తుంది, అనే మాట వచ్చేసింది. ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

మేనేజరుగారు కబురు పెట్టినట్టున్నారు, ఆ మధ్యాహ్నమే ఫ్యాక్టరీ యజమాని వచ్చారు. మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. నన్నేమీ అడగకుండా చాంబర్ దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. పంచె పైకి కట్టుకుని గట్టు మీద గొంతుక్కూర్చుని, పై చాంబర్ నీళ్ళు ఒకసారి, కింది చాంబర్ నీళ్ళు ఒకసారి వాసన చూశారు. తర్వాత ఆపరేటరును పిలిచి మీ బావి ఎక్కడ అని అడిగి, అతని వెంట గోడ అవతలికి నడిచి వెళ్ళారు. చాలాసేపటికి తిరిగొచ్చి, అక్కడ నిలబడ్డ మేనేజరుగారితో అన్న మాట నాకు ఇవాళ్టికీ చెవుల్లో ఉంది. "పూజ ఆపొద్దు. ఎక్కడ చెయ్యాలో ఈ అమ్మాయి చూపిస్తుంది."

అలా ముహూర్తం మారకుండా స్థలం మారింది. కొత్త బ్లాకుకు జరగాల్సిన భూమి పూజ కొత్త మురుగునీటి ట్యాంకుకు జరిగింది. పంతులుగారు సంకల్పం దగ్గర ఆగిపోయి, ఏ నిర్మాణమని చెప్పమంటారని రెండుసార్లు అడిగారు. పెద్దాయన ఏమాత్రం తడుముకోకుండా మురుగునీళ్ళ ట్యాంకు అని చెప్పండి, దేవుడికి తెలియనిదా అన్నారు. నా చేత కూడా ఒక కొబ్బరికాయ కొట్టించారు. ట్యాంకు పూర్తయి నీళ్ళు కుదుటపడ్డాకే కొత్త బ్లాకు లేచింది. ఊళ్ళోకి వేరే బోరు వేయించి ఇచ్చారు, బావి మాత్రం మామూలు కావడానికి ఏళ్ళు పట్టింది, దానికి నేనెప్పుడూ సమాధానం చెప్పుకోలేకపోయాను. ఆనాటి నుంచి ఆ కంపెనీలో ఏ కొత్త మందు మొదలుపెట్టాలన్నా, దాని మురుగు ఎక్కడికి పోతుందో చూసి ఈటీపీ కెమిస్టు సంతకం పెడితేనే కాగితం ముందుకు కదిలేది. ముప్పయ్యేళ్ళు ఆ సంతకం నాదే. ఈటీపీకి వేస్తే శిక్ష అనుకునే చోట, చివరికి కుర్రాళ్ళు అక్కడ వేయమని సిఫారసు చేయించుకోవడం నా కళ్ళతో చూశాను. గొప్పలు చెప్పుకుంటోంది అనుకున్నా సరే, అది తలుచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది.

క్లాసులో ఇదంతా చెప్పాను. చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీసుకున్నారు. తిరిగి తార్నాక వైపు నడుస్తుంటే మా పిల్ల, తను ట్రైనింగుకి వెళ్తున్న కంపెనీలో పర్యావరణ రిపోర్టు తయారవుతోందని, అందులో నీటి అంకెలు పోయిన ఏడాదివే మళ్ళీ దించేసినట్టు తను కనిపెట్టిందని చెప్పింది. మరి చెప్పలేదా అన్నాను. "ఎవరికి చెప్పాలి చిన్నమ్మమ్మా? డేటా ఒక ఏజెన్సీ ఇస్తది, రిపోర్ట్ ఇంకో ఏజెన్సీ రాస్తది, చెకింగ్ చేసేవాళ్ళు వేరే. అందర్నీ అడిగిన, మాది కాదు అంటున్నరు. దానిమీద ఎవరి సైనూ లేదు."

చెప్పెయ్యి తల్లీ, భయపడకు అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నదాన్ని, ఆ మాట మానేసి దాని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాను. ఆ పిల్లకి నాకున్నంత భయం లేదు, నాకంటే చదువు ఎక్కువ, తప్పు నాకంటే ముందే కనిపెట్టింది. ఆ వయసులో నాకు వణుకు పుట్టించిన మేనేజరుగారి గది తలుపు, ఆ బల్ల, దాని వెనక కూర్చున్న మనిషి, నా అదృష్టమని ఇన్నేళ్ళకు తెలిసింది. ఆనాడు నా కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలుసు.