కొలవకుండా చెప్పిన విలువ

నందిగామ కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన సార్ పోయారని గత నెల ఒక ఉదయం ఫోన్ వచ్చింది. అప్పుడు నేను హైదరాబాదులో, మా ల్యాబ్‌లో ఉన్నాను. వెంటనే ఏడుపు రాలేదు. ఇక ఆయనకు నిజం చెప్పే వీల్లేదన్న సంగతే ముందుగా తట్టింది. అందుకే మీకు చెబుతున్నాను.

చందర్లపాడు నుంచి బస్సులో వచ్చే నాకు థర్మామీటర్ సరిగ్గా చదవడం నేర్పింది ఆయనే. వేడి ప్రయోగాలు చేసే రోజు గాలికి నీళ్ళు చల్లారిపోతాయని ఫ్యాన్ వేయనిచ్చేవారు కాదు. మాతోపాటు తానూ చెమటలు కక్కుతూ నిలబడేవారు. ఎవరైనా పక్కవాళ్ళ రికార్డు చూసి అంకె వేస్తే తిట్టేవారు కాదు. "అంచనా వెయ్యటం తప్పు కాదమ్మా. కొలిచానని చెప్పటం తప్పు," అనేవారు. ఎమ్మెస్సీకి నా దరఖాస్తు నింపిందీ ఆయనే.

రిటైరయ్యాక జగ్గయ్యపేటలో ఇంటి వరండాలో కూర్చుని అర్ధవాహకాల లెక్కలు వేసుకునేవారు. చిప్పుల్లో, సోలార్ పలకల్లో వాడే ఇలాంటి పదార్థాలు ఎంత వేడిని పట్టి ఉంచుతాయో అన్నింటికీ ఎవరూ కొలవలేదు. విడి మూలకాల విలువలు కూడి, కొంత సవరించి, సమ్మేళనం విలువను ముందుగానే చెప్పడం ఆయన పద్ధతి. రాగి, ఇండియం, టెల్లూరియం కలిసిన పదార్థానికి మాత్రం ఆయన దగ్గరున్న పుస్తకాల్లో ఒకదానితో ఒకటి పొసగని అంకెలున్నాయి.

"మీ దగ్గర మిషనుంది కదమ్మా, ఒక్కసారి కొలిచిపెట్టు. నా లెక్క నిలబడిద్దో లేదో తేలిపోద్ది," అన్నారు.

సరేనన్నాను. నమూనా తయారు చేయించి సొరుగులో పెట్టాను. ఆ తర్వాత నా పనులు, నా పేపర్లు. ఆయన అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "తొందరేం లేదమ్మా," అనేవారు. నాలుగోసారి చేసినప్పుడు, మీటింగుకు పరిగెడుతూ అనేశాను.

"చేసా సార్. మీ అంకెకి దగ్గరగానే వచ్చింది."

"ఎంతొచ్చింది?"

ఆయన అంకెనే కాస్త తగ్గించి చెప్పాను. ఆయన ఇంట్లోకి కేకేయడం వినపడింది. "ఇదిగో, మా అమ్మాయి కొలిచిందంట! నా లెక్క నిలబడింది!"

ఆయన పోయాక ఆ నమూనా బయటికి తీశాను. మూడుసార్లు కొలిచాను. ఆయన లెక్క తప్పింది. వేడి పెరిగేకొద్దీ మరీ తప్పింది.

పెద్దకర్మకు వెళ్ళి, ఆయన భార్య, అమ్మగారి దగ్గర కూర్చుని, జరిగింది చెప్పాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"తప్పొచ్చిందని చెప్పుంటే ఏమీ అనుకునేవారు కాదమ్మా," అన్నారు. "ఎక్కడ తప్పిందో చూద్దామని రోజూ నీకు ఫోన్ చేసుండేవారు."

లోపలికి వెళ్ళి ఆయన నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నా అంకెను నమ్మి, అదే సవరణతో ఆయన మరో సమ్మేళనానికి లెక్క వేశారు. దాని అసలు విలువ అందరికీ తెలిసిందే. దానితో ఆయన జవాబు కలవలేదు. మళ్ళీ వేశారు. మళ్ళీ వేశారు. మార్జిన్‌లో వణికిన అక్షరాలతో, "కూడికలో నా పొరపాటే. మళ్ళీ చూడాలి," అని ఉంది.

నా కొలతను ఒక్కసారి కూడా అనుమానించలేదు. చెరిపి రాసి, చెరిపి రాసి, ఆ చోట కాగితం పల్చబడిపోయింది. పేజీ ఎత్తితే వరండా వెలుతురు అందులోంచి కనపడుతోంది. కుట్టు సందులో ఇంకా రబ్బరు పొట్టు ఉంది.