నీళ్లలాంటి ఉమ్మి

అమ్మ మగవాళ్ల ముందు కాండ్రించి ఉమ్మేది కాదు. గద్వాల దవాఖానలో క్షయ పరీక్షకు తెమడ అడిగితే, కొంగు అడ్డం పెట్టుకుని డబ్బాలో కాస్త ఉమ్మి వేసి ఇచ్చింది. అది నీళ్లలా ఉందని కళ్లారా చూసి కూడా ల్యాబ్ ఆయన తీసుకున్నాడు. మైక్రోస్కోపులోకి అలా తొంగిచూసి, "ఏం లేదు, పోమ్మా" అన్నాడు. అమ్మ మా ఊరు రాజోలికి తిరిగొచ్చి, పత్తి చేలో దగ్గుతూనే పని చేసి, చివరికి రక్తం కక్కుకుని పోయింది.

ఆయన కుర్చీలో కూర్చోవాలనే ల్యాబ్ చదువు చదివాను. కూర్చున్నాను. ఇప్పుడు కొత్తరకం మైక్రోస్కోపులు వచ్చాయి. రంగు వేసిన స్లైడు మీద క్షయ క్రిములు చీకట్లో మిణుగురుల్లా మెరుస్తాయి.

మొన్న ఆయనే వచ్చాడు. రిటైరయ్యాడు, చిక్కిపోయాడు, దగ్గుతున్నాడు. చేతిలో డబ్బా, అందులో నీళ్లలాంటి ఉమ్మి.

"జర తొందరగ చూడు బిడ్డా."

డబ్బా వెనక్కి తోశాను. "ఇది ఉత్త ఉమ్మి సార్, ఇందుల క్రిములు దొరకయి. బయటికి పోయి, లోపల్నుంచి దగ్గి తెమడ తీస్కరాండ్రి."

"బయట అందరు నన్నే చూస్తుండ్రు గద."

"మా అమ్మను గూడ చూసిండ్రు."

ఆయనకు అర్థం కాలేదు. తెమడ తెచ్చేదాకా నేను వదల్లేదు. స్లైడు ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాను. క్రిములు మెరిశాయి.

ఫలితం చేతికిస్తూ అమ్మ సంగతంతా చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మందులు వాడుతున్నాడు. బతుకుతాడు. బతకాలి. ఆ రోజు డబ్బా తిప్పి పంపి ఉంటే మా అమ్మా బతికేదన్న నిజాన్ని, రోజూ పొద్దున్నే మాత్రతో పాటు మింగాలి.