శోకం పెట్టే మా మేనత్త

పోయిన నెల ఒక పొద్దున, యూనివర్సిటీ హాస్టల్లో తంబూర శ్రుతి చేసుకుంటుండగా నాన్న ఫోన్ చేశాడు. "అత్త పోయింది బిడ్డా. నిద్రల్నే పోయింది. జల్ది రా" అన్నాడు. ఆయన వెనక సాంచల చప్పుడు లేదు. సోలాపూర్‌లో పవర్‌లూములను మేము సాంచలంటాం. మా గల్లీలో ఎవరింట్లో మనిషి పోయినా శవం లేచేదాకా వాటిని బంద్ పెడతారు. నాన్న మాటకంటే ఆ నిశ్శబ్దమే నన్ను ముందు కూలేసింది.

మా ఇల్లు కుంఠా నాకా దగ్గర. కింద సాంచలు, పైన మేము. మామయ్య పోయాక అత్త తన తమ్ముడింటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. పిల్లలు లేరు. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. టీవీ సీరియల్లో ఎవరైనా ఏడిస్తే ఆమెకు ఒళ్లు మండేది. "గదేం ఏడుపే? నోట్లె ఒక్క మాట లేదు. పోయినోడు ఏం జేసిండో చెప్పి ఏడువాలె" అనేది.

అనడానికి ఆమెకు హక్కుంది. మా గల్లీలో ఎవరు పోయినా శోకం ఎత్తుకునేది ఆమే. పోయినవాళ్లను వరస పెట్టి పిలవాలి, వాళ్లు చేసిన మంచీ చెడ్డా చెప్పాలి, ఎందుకు విడిచిపోయావని అడగాలి, అదంతా రాగం మీద సాగాలి. ఒకరు ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు అందుకుంటారు. "నా మొగనికి ఎత్తుకున్న. అప్పటిసంది నా గొంతు గల్లీది అయిపోయింది" అని ఒకసారి చెప్పింది.

నాన్న మాట కాదనలేక బీకాం చేశాను. తర్వాత సంగీతంలో ఎం.ఏ.కు పోతానంటే ఇంట్లో పెద్ద రభస. "పాట చదువుకు ఎవలు నౌకరీ ఇస్తరు?" అన్నాడు నాన్న. అత్త తలెత్తకుండానే "నీ సాంచలు ఇస్తున్నయా?" అంది. నాన్న మెట్లు దిగి సాంచల దగ్గరికి పోయాడు.

నేను చేరింది ఎత్నోమ్యూజికాలజీ. జనం ఏం పాడతారు, ఎందుకు పాడతారు, ఎప్పుడు పాడతారు అని చదివే చదువు. చేరే ముందు దాని షరతులన్నీ అత్తకు చదివి వినిపించాను.

"సీటు కోసం ముందు పాడి చూపియ్యాలె అత్తా."

"చూపియ్యి."

"రాగాల లెక్కలన్నీ పరీక్షల రాయాలె. ఒక బాజా నేర్వాలె."

"నేర్చుకో. ఎవలొద్దన్నరు?"

"ఆఖరికి మందిల కూసోని, ఒకలు పాడేది రికార్డ్ చేసి, దాని మీద పుస్తకం రాయాలె. అది లేకుంటె డిగ్రీ రాదు."

ఆకు కత్తిరిస్తున్న కత్తెర ఆగింది. "ఎవలు పాడాలె?"

"నువ్వే."

"హట్ పోరీ!" అంది. కానీ మురిసిపోయింది, నాకు తెలుసు.

నేను శోకాలనే ఎంచుకున్నాను. మా గైడ్ మేడమ్ ఒప్పుకుంది, ఒక మాట గట్టిగా చెప్పింది. చావింట్లో ఫోన్ తీయకు, మీ అత్తనే విడిగా పాడమని అడుగు, సరేనంటేనే రికార్డ్ చెయ్యి అంది. చిక్కంతా అక్కడే. చావు లేకుండా శోకం పెట్టకూడదు. "పెడ్తే చావును ఇంటికి పిలిచినట్టయితది" అని అత్త మొండికేసింది. నేను అంతకంటే మొండిదాన్ని. సతాయించి సతాయించి, మాటలు లేకుండా ఉత్త రాగం తీయడానికి ఒప్పించాను. ఒక మధ్యాహ్నం తలుపు వేసి ఆమె ముందు ఫోన్ పెట్టాను.

కిటికీ మాత్రం ఇద్దరమూ మరిచిపోయాం. రాగం గల్లీలోకి పోనే పోయింది. టకటకా సాంచలు ఆగిపోయాయి. ఆడవాళ్లు కొంగులు నెత్తిన వేసుకుని ఉరికొచ్చారు. "కాయ్ ఝాలం? ఏమయింది? ఎవలు పోయిండ్రు? తాతనా?" అంటూ ఎదురింటికి దూరారు. ఆ ఇంట్లో ఎన్నాళ్లుగానో మంచం పట్టిన తాత ఒకాయన ఉన్నాడు. "నేను ఇంక ఉన్న! పోండ్రి!" అని ఆయన అరిచిన అరుపు మాకు వినిపించింది. అత్తా నేనూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం.

తర్వాతి వారం తాత పోయాడు. ఆయనది పాత జబ్బు, పోతాడని అందరికీ తెలుసు. అయినా అత్త ముఖం నల్లబడింది. "నేనే పిలిచిన" అంది. కాదని ఎంత చెప్పినా వినలేదు. నా చేత ఫోన్లోంచి ఆ రాగం చెరిపించింది. శోకానికి వెళ్తూ నన్నూ వెంట తీసుకుపోయింది. "నా పక్కన కూసో. చెవుల వెట్టుకో. గంతె" అంది. ఆ రోజు ఆమె తాతను వరస పెట్టి పిలుస్తుంటే, ఒక్కో మాటా చెవిన పెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత ఆమె ఎక్కడ శోకానికి పోయినా, ఊళ్లో ఉంటే నేనూ పోయాను.

డిగ్రీ సంగతేమిటని మీరడుగుతారు. మేడమ్ గడువు పెంచింది. శోకాలు వద్దు, పెళ్లి పాటలు పాడమని నేనంటే అత్త సంతోషంగా ఒప్పుకుంది. "ఎన్నంటె అన్ని పాడుత, ఎండకాలం సెలవులకు రా" అంది. ఆ సెలవులు ఇంకా రాలేదు. ఆమె గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు. ఒక్క ముక్క కూడా లేదు. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు.

నేను చేరేసరికి అత్తకు స్నానం చేయించి పడుకోబెట్టారు. వేళ్ల కొసల్లో తంబాకు మరక అట్లాగే ఉంది. గల్లీ ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని ఎవరికి వారు వెక్కుతున్నారు. ఎవరూ ఎత్తుకోలేదు. గల్లీలో అందరినీ వరస పెట్టి పిలిచి సాగనంపిన మనిషి తన గురించి ఒక్క మాట చెప్పించుకోకుండా పోతుందేమోనని నాకు భయమేసింది. ఎదురింటి పెద్దమ్మ జరిగి, అత్త తల దగ్గర చోటిచ్చింది.

"నువ్వే ఎత్తుకో బిడ్డా. పక్కన కూసోని విన్నదానివి, నీకే ఎరుక."

నాకు ఎరుకే. పిలుపు ఎక్కడ మొదలుపెట్టాలో, గొంతు ఎక్కడ దించాలో, ఆ వెంటనే ఏ మాట అందుకోవాలో అన్నీ తెలుసు. కూర్చున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఓ అత్తా..."

గొంతు సరిగ్గానే లేచింది. శోకంలో పిలిచాక ఆగకూడదు. ఆమె ఎన్నడూ ఆగలేదు. నేను ఆగాను, పలుకుతుందేమోనని. ఆడవాళ్లందరూ నాతోపాటు ఆగి, ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు.