విస్తరి మీద అరచెయ్యి

వేటకెళ్లిన మావ సముద్రం నుంచి తిరిగి రాకపోయేసరికి, భావనపాడులో మా అత్త చేప మానేసింది. పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసింది. ఎవరేం వడ్డించబోయినా విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టేది.

మనసు మళ్లుతుందని బొగ్గు రైలుబండిలో విజయనగరం తీసుకెళ్లాను. హోటళ్లవాళ్లకి ఏం రోగమో, అడక్కుండానే పప్పు మీద నెయ్యి పోసేసేవారు. ఆకలితో తిరగ్గా తిరగ్గా ఒక మెస్సులో నువ్వుల నూనెతో వండిన పనసపొట్టు ఆవకూర దొరికింది. అత్త మళ్లీ అడిగి వేయించుకుంది. నేను పొంగిపోయాను. అంతలో అరచెయ్యి విస్తరి మీదకి వచ్చేసింది.

“ఏటత్తా, బాగోలేదా?”

“బాగున్నాదిరా. ఇంత బాగుంటే, మీ మావ కోసం నాను మానీసిందేటి?”

ఆ మర్నాటి నుంచి పనసపొట్టు కూడా మానేసింది.