కాగులోంచి పాట

పొద్దున్నే గెడెవాన్ చేసే మొదటి పని, వైను కొట్టంలోకి వెళ్లి పవిత్ర గియోర్గి పటం ముందు కొవ్వొత్తి వెలిగించి సిలువ గుర్తు వేసుకోవడం. రెండో పని దేవుడి కంట పడకుంటే బాగుండునని ఆయనకే అనిపించేది. పెరటి గోడ దగ్గర మునివేళ్లమీద లేచి, పక్కింటి జాలికో బల్లమీద బోర్లించిన గ్లాసుల్ని చూసేవాడు. గ్లాసులు ఎక్కువుంటే నిన్న అతిథులు ఎక్కువమంది వచ్చారన్నమాట. ఆ రోజిక ఆయనకు రొట్టె గొంతు దిగేది కాదు.

తిబిలిసి నగరం నుంచి మా కహేతి పల్లెల్లో వైను రుచి చూడ్డానికొచ్చేవాళ్ల బస్సు జాలికో గుమ్మం ముందే ఆగుతుంది. గెడెవాన్ కూడా వాకిట్లో బల్ల వేశాడు, కొత్త గుడ్డ పరిచాడు. దానిమీదికి కోళ్లు తప్ప ఎవరూ రాలేదు.

"వాడికి వైను చెయ్యడం నేర్పిందెవరు? మా నాన్న కాదూ?" అనేవాడు భార్య ఎతేరితో. ఆవిడకు చెవుడు. గట్టిగా అనాల్సొచ్చేది, అది గోడ అవతలికీ వినపడేది.

"మీ నాన్న నీకూ నేర్పాడుగదయ్యా," అనేది ఎతేరి, అంతే గట్టిగా.

నిజానికి ఆ ఇద్దరూ కుర్రతనం నుంచీ ఒకరి కాగుకు ఒకరు కాపలా. వైను పులియడానికి మెడదాకా నేలలో పాతిన మట్టికాగుల్ని ద్రాక్ష కోతల ముందు మనిషి లోపలికి దిగి, చెర్రీ బెరడు కుంచెతో తోమాలి. అడుగున ఉండే ఘాటుకు స్పృహ తప్పొచ్చు. అందుకే దిగినవాడు పాడుతూనే ఉండాలి, పైవాడు వింటూనే ఉండాలి. పాట ఆగిందా, నడుముకు కట్టిన తాడు లాగెయ్యాలి. బస్సు రావడం మొదలయ్యాక గెడెవాన్ జాలికోను పిలవడం మానేశాడు. ఎతేరికేమో పాట వినపడదు. మరొకర్ని అడిగితే "జాలికో ఏడీ?" అంటారని భయం. కిందటేడు పొడుగు కర్రకు కుంచె కట్టి పైనుంచే తోమేసి, అయిందనిపించాడు.

ఈ ఏడు కోతలు దగ్గరపడ్డాక ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చేసరికి జాలికో ఇద్దరు ఆడవాళ్లతో గుమ్మంలో ఉన్నాడు.

"అన్నా, మా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. వీళ్లేమో పాతకాలపు కొట్టం చూడాలంటున్నారు. నీదే కదా పాతది."

"నీ దగ్గర పట్టనివాళ్లు నాకన్నమాట."

"పోనీ తీసుకెళ్లిపోనా?"

"ఆగరా. ఇంటికొచ్చినవాళ్లను పంపేసేంత చెడిపోలేదు నేను."

కొట్టంలోకి తీసుకెళ్లి, కాగుమీది రాతిమూత తీసి, సొరకాయ బుర్రతో వైను తోడి మట్టిగిన్నెల్లో పోశాడు. ఎతేరి జున్ను, అక్రోట్లు తెచ్చింది. పెద్దావిడ ఒక్క గుక్క తాగి, "రంగెంత బాగుందో!" అని గిన్నె కింద పెట్టేసింది. చిన్నావిడ జున్నును తెగ మెచ్చుకుంది. వైను మాట ఇద్దరూ ఎత్తలేదు.

గెడెవాన్ తన గిన్నె నోటి దగ్గర పెట్టుకున్నాడు. తడిసిన గోనెసంచి వాసన. చలికాలం నుంచీ అది తనకు తెలుసు. తెలియనట్టే తాగుతూ వచ్చాడు.

అప్పుడు జాలికో గిన్నె ఎత్తాడు. "తండ్రిలేని నన్ను ఈ కొట్టంలో కూర్చోబెట్టి పని నేర్పిన పెదనాన్న పేరు మీద," అని చివరి బొట్టుదాకా తాగి గిన్నె బోర్లించాడు. మొహంలో ఒక్క ముడత పడలేదు. అది చూసి గెడెవాన్ కడుపు ఇంకా మండింది. వైను బాగా చేసేదీ వీడే, మంచివాడూ వీడేనా!

ఆడవాళ్లు సంతోషంగానే వెళ్లిపోయారు. జాలికో గిన్నెలు సర్దుతున్నాడు.

"ఎలా తాగావురా దాన్ని?"

"పెదనాన్న పేరు చెప్పి ఎత్తాక ఎలా దించను?"

"వాసనొస్తోందిగా."

"వస్తోందన్నా."

వాళ్ల మొహాలు చూసి ఎతేరి అందుకుంది. "చెవులే పోయాయిగానీ నా ముక్కు బాగానే ఉంది. ఎప్పట్నుంచో చెప్తున్నా, వింటేనా!"

గెడెవాన్ కాగు మూతికేసి చూశాడు. వచ్చే వారం కొత్త ద్రాక్ష ఇందులోనే పడాలి. మళ్లీ పైపైన తోమితే మళ్లీ ఇదే వైను. చూరుకు వేలాడుతున్న తాడు తీసి దుమ్ము దులిపాడు.

"దీన్ని ఇవాళే తోడేస్తాను. రేపు ప్రార్థన కాగానే లోపలికి దిగుతాను. నువ్వొచ్చి పైన నిలబడరా, జాలికో."

"నీ గొంతు ఊరంతా ఎరిగిందే. ఎప్పుడాగుతుందా అని చూస్తానేమో!" అన్నాడు జాలికో నవ్వి.

గెడెవాన్ నవ్వలేదు. తాడు కొస అతని చేతిలో పెట్టాడు.

"ఆగితే మాత్రం లాగరా, తమ్ముడూ."