ఐదో పాట దగ్గర దగ్గు

వాల్టర్ ప్రొకోప్‌కు ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరు ఏ మాట మొదలుపెట్టినా, మూడు వాక్యాలు దాటకుండా దాన్ని ‘వెల్వెట్ ఎలివేటర్’ దగ్గరికి లాక్కొచ్చి నిలబెట్టేవాడు.

అదొక ఆల్బమ్. హామిల్టన్ ఉక్కు కార్ఖానాల వెనక వీధుల్లో పుట్టిన కోల్డ్ రైవెట్స్ బ్యాండు వేసిన మూడోదీ ఆఖరుదీనూ. మొదటి రెండు ఆల్బమ్‌లను ఊరు నెత్తిన పెట్టుకుంది. మూడోదానికి ముందు, పాడేవాడు అలిగి వెళ్లిపోయాడు. వాళ్లు రెక్స్ వాలెంటైన్ అని ఒకణ్ని పట్టుకొచ్చారు. పట్టు చొక్కా, గుబురు మీసం, భుజాల మీద పడే జుట్టు. కొలిమిలా మండే బ్యాండు కాస్తా దంతవైద్యుడి గదిలో వినిపించే సంగీతమైపోయిందని ఊరంతా ఒక్క గొంతుతో తిట్టింది. ముప్పై అయిదేళ్లయినా ఆ తిట్టు చల్లారలేదు.

ఊళ్లో తిట్టనివాడు వాల్టర్ ఒక్కడే. “మనిషి చేతుల మీదుగా వచ్చిన ఆల్బమ్‌లలో అదే గొప్పది” అనేవాడు.

ఈ మాట అతను వారం వారం అనేది లోరెటా బియాంకి కొట్లో. పాత రికార్డులమ్మే కొట్టు. తండ్రి చెప్పులు కుట్టిన గదిలోనే ఆమె దాన్ని తెరిచింది. శనివారం పొద్దున పదింటికల్లా పాతకాపులు చేరేవారు, కాఫీలు పట్టుకుని. ఏ బ్యాండు ఎప్పుడు చెడింది, ఏ డ్రమ్మర్ వెళ్లిపోయాక ఎవరి పని అయిపోయింది, మొదటి ఆల్బమా రెండోదా, ఇదే గొడవ. ఆ గొడవలో తేలింది ఎప్పుడూ ఏమీ లేదు. తేలితే వచ్చే శనివారం ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు కూడా.

వాల్టర్ ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మన్. కొంగలా పొడుగు. ఎండాకాలం పోస్టాఫీసు నిక్కరు, చలికాలం పోస్టాఫీసు కోటు. ఉద్యోగం పోయినా బట్టలు పోలేదు.

అతని ప్రత్యర్థి గస్ పాపాస్, పక్క వీధిలో బేకరీ యజమాని. వాల్టర్ ఎంతసేపట్లో ‘ఎలివేటర్’ ఎక్కుతాడో చూడ్డానికి జేబులో స్టాప్‌వాచ్ పెట్టుకుని వచ్చేవాడు.

“వాల్టర్, రాత్రి హాకీ చూశావా?”

“చూశాను. గోల్‌కీపర్ నిద్రపోయాడు. నిద్ర అంటే గుర్తొచ్చింది, ‘వెల్వెట్ ఎలివేటర్’ రెండో పాటలో జోలపాట లాంటి బాస్ ఉంటుంది చూడు...”

“తొమ్మిది సెకన్లు!” అని గస్ కేక పెట్టేవాడు.

లోరెటాకు పిత్తాశయం ఆపరేషన్ జరిగినప్పుడు వాల్టర్ పూలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. “ఎలా ఉంది తల్లీ?” అన్నాడు. “నొప్పిగా ఉంది” అంది. “నొప్పిని దాచుకుని పాడటం చూడాలంటే ఆరో పాట వినాలి” అన్నాడు. లోరెటా నవ్వుకు కుట్లు ఊడతాయేమోనని నర్సు అతన్ని బయటికి పంపింది. గస్ కూతురి పెళ్లి విందులో దీవించమని లేపితే, కాపురం అంటే మూడో పాటలో గిటారూ పియానోలా ఉండాలి, ఒకటి మాట్లాడుతుంటే ఇంకోటి ఆగుతుంది అన్నాడు. గ్రీకు అత్తగార్లందరూ ఆ పాట పేరు రాసుకున్నారు. గస్ నెల రోజులు అతనికి పంచదార రొట్టె అమ్మలేదు.

అతనికి మరో రెండు అలవాట్లు. ఒకటి, ఆ ఆల్బమ్ గురించి మాట్లాడేటప్పుడు అరిచేవాడు. ఎదురుగా ఉన్నవాణ్ని వదిలేసి, కొట్టు వెనక భాగానికి తిరిగి అరిచేవాడు.

“మేం ఇక్కడున్నాంరా బాబూ!” అనేవాడు గస్. “ముప్పై ఏళ్లు ఊళ్లో కుక్కలన్నీ మీద పడి మొరిగితే చెవులు మిగులుతాయా?” అని లోరెటా వైపు కన్ను కొట్టేవాడు.

వెనక ఉన్నది ఇర్విన్ సెడ్లాక్ ఒక్కడే. బట్టతల, కళ్లజోడు, వంకర చిటికెన వేలు. శనివారాలు అక్కడ బల్ల వేసుకుని పాత రికార్డు ప్లేయర్లకు ముళ్లు మార్చేవాడు, మోటార్లు బాగుచేసేవాడు. “నమస్తే లోరెటా”, “వెళ్లొస్తా లోరెటా” అనే రెండు మాటలతో వారం గడుపుకునే మనిషి. వాదనల్లో ఒక్కసారీ తలెత్తలేదు.

రెండో అలవాటు, దగ్గు. ‘వెల్వెట్ ఎలివేటర్’లో తొమ్మిది పాటలు. ఎనిమిదింటి మీద వాల్టర్ ఎంతసేపైనా మాట్లాడగలడు. ఎవరైనా “మరి ఐదోది?” అన్నారా, అంతే, దగ్గు తెర ఎక్కడి నుంచో వచ్చి పడేది. మొహం ఎర్రబడేది, కళ్లు నీళ్లు తిరిగేవి. మంచినీళ్లు తాగి తేరుకునేసరికి ఆరో పాటలో ఉండేవాడు.

ఆ కొట్లో ఒక ఆచారం ఉంది. ఏటా జనవరి మొదటి శనివారం పాతకాపులందరూ ఓటేస్తారు. గిటారు మీటే చిన్న బిళ్లల్ని గాజు సీసాల్లో వేస్తారు. అన్నిటికన్నా చెత్త ఆల్బమ్‌గా గెలిచినదాని అట్టను ఏడాది పొడవునా మరుగుదొడ్డి తలుపు మీద మేకేసి కొడతారు. ఇరవై రెండేళ్లుగా అక్కడ రెక్స్ వాలెంటైనే. లిఫ్ట్ తలుపుకు చెయ్యి ఆనించి, మీసం కింద నుంచి నవ్వుతూ ఉంటాడు. తీసి మళ్లీ దాన్నే కొట్టడమెందుకని లోరెటా మేకు పీకడం కూడా మానేసింది.

కిందటి జనవరిలో ఓటింగుకు రెండు రోజుల ముందు, మంచులో తడుస్తూ వాల్టర్ ఒక్కడే వచ్చాడు. కొట్లో ఎవరూ లేరు.

“తల్లీ, ఈ ఏడు దాన్ని దించెయ్.”

“ఓట్లు తెచ్చుకో, దించుతా.”

“ఓట్లు నాకు రావని నీకూ తెలుసు.”

“అయితే ఎందుకు దించాలో చెప్పు.”

వాల్టర్ కోటు గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. “అది చెప్పకూడదు. ఇక మీద నేను ప్రతి శనివారం రాలేకపోవచ్చు. నేను లేనప్పుడు అది అక్కడ ఉండటం బాగోదు.”

“నువ్వు లేనప్పుడైనా ఆ రెక్స్‌ను కాస్త ప్రశాంతంగా ఉండనీ ముసలాడా!” అని లోరెటా పగలబడి నవ్వింది. అతనూ నవ్వాడు. తలుపు దగ్గర ఆగి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. శనివారం ఓట్లు లెక్కపెడితే రెక్స్ మీద ముప్పై ఒకటి, వాల్టర్‌ది ఒక్కటి. గస్ స్టాప్‌వాచ్ మోగించి మరీ పండగ చేశాడు.

మార్చిలో వాల్టర్ పోయాడు. గుండె సంగతి అతనికి అక్టోబరులోనే తెలుసని మేనకోడలు చెప్పింది. లోరెటాకు ఆ రోజు నుంచి తన నవ్వు చెవిలో మోగుతూనే ఉంది. ఒక మనిషి నోరు తెరిచి అడిగింది ఒక్క మేకు పీకమని. దానికి సుత్తి కూడా అక్కర్లేదు, వేళ్లతో లాగితే వచ్చేది.

మేనకోడలు అతని రికార్డులన్నీ కొట్టుకు పంపింది. అట్టపెట్టెలు విప్పితే అందులో ‘వెల్వెట్ ఎలివేటర్’లు నలభై ఒకటి. కొట్లోకి వచ్చిన ప్రతి కాపీనీ వాల్టరే కొనేవాడు. “ఇన్ని ఏం చేసుకుంటావు?” అంటే, “ఒకటి అరిగితే ఇంకోటి” అనేవాడు. లోరెటా ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసింది. నలభై కాపీలు అతను కొన్నవి కొన్నట్టే ఉన్నాయి, ఆమె అంటించిన చీటీలతో సహా. వాటిని అతను కొన్నది వినడానికి కాదు, కొట్లో పోగుపడకుండా తీసెయ్యడానికి. నలభై ఒకటోది మాత్రం ముల్లు నడిచి నడిచి బూడిద రంగుకు తిరిగింది. దాని అట్టలో పోస్టాఫీసు చీటీల కట్ట ఉంది. ‘మేము వచ్చినప్పుడు మీరు ఇంట్లో లేరు’ అని అచ్చేసిన చీటీలు. వెనక వైపు వాల్టర్ చేతిరాత.

‘ఒకటో పాట. మూడుసార్లు విన్నాను. భగవంతుడా. చివర్లో చప్పట్లు బాగున్నాయి. అది చెప్పొచ్చు.’

‘మూడో పాట. పదకొండోసారి. పియానో ఆగే చోట అతను ఊపిరి తీసుకుంటాడు. ఇది నిజంగానే బాగుంది! శనివారం చెప్పాలి. గట్టిగా. వెనక మోటారు తిరుగుతుంటే వినపడదు.’

‘ఐదో పాట. పందొమ్మిదిసార్లు. ఏమీ దొరకలేదు. అబద్ధం చెప్పను. దగ్గాలి.’

‘ఆరో పాట. మెల్లగా నచ్చుతోంది. గస్‌కు చెప్పకూడదు.’

లోరెటా అక్కడే నేల మీద కూర్చుంది. వెనక మోటారు తిరుగుతుంటే. వెనక. లేచి వెళ్లి మరుగుదొడ్డి తలుపు మీది అట్టను ఇరవై రెండేళ్లలో మొదటిసారి సరిగ్గా చూసింది. మీసం వదిలేసి, జుట్టు వదిలేసి, లిఫ్ట్ తలుపు మీద ఆనించిన చేతిని చూసింది. చిటికెన వేలు బయటికి వంగి ఉంది.

పోస్ట్‌మన్‌కు తెలియకుండా ఎలా ఉంటుంది? ఏ ఇంటికి ఏ పేరుతో ఉత్తరం వస్తుందో ముప్పై ఏళ్లు చూసినవాడు. ఇతరుల ఉత్తరాల సంగతి నోరు జారనివాడు.

ఇర్విన్ ప్రతి శనివారం ఆ తలుపు తోసుకునే లోపలికి వెళ్లొచ్చాడు. తన మొహాన్ని తోసుకుని. ఇరవై రెండేళ్లు. మేకు కొట్టిన చెయ్యి లోరెటాది. ఆమె మేకు పట్టుకుని లాగింది. నిజంగానే వేళ్లకే వచ్చింది.

శనివారం పొద్దున ఇర్విన్ అందరికన్నా ముందు వచ్చాడు. “నమస్తే లోరెటా” అన్నాడు. ఖాళీ తలుపు చూశాడు. ఆమె బల్ల మీద అట్టనూ, చీటీలనూ చూశాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు.

“ఎందుకు దించావు? ఈ ఊళ్లో నా ఫొటో ఉన్న చోటు అదొక్కటే.”

“ఇర్విన్... నాకు తెలియదు. నన్ను క్షమించు. వాల్టర్ అడిగాడు కూడా. నేను నవ్వాను.”

“నేనూ చెప్పలేదుగా.” అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అన్నేళ్లలో అతను అంత మాట్లాడటం ఆమె వినలేదు. “వాల్టర్ ఉత్తరాలిచ్చేటప్పుడే నాకు తెలుసు, నేనెవరో అతనికి తెలుసని. ఆ సంగతి నాకు తెలుసని మాత్రం అతనికి తెలియదు. మొదట్లో ఒళ్లు మండేది. జాలిపడుతున్నాడనుకున్నా. ఈ ముసలాడు నా కోసం అబద్ధాలు అరుస్తున్నాడనుకున్నా. ఒక శనివారం గస్ ఐదో పాట సంగతి అడిగాడు. ఇతను చచ్చేట్టు దగ్గాడు.”

“అవును.”

“ఐదో పాట ఘోరం, లోరెటా. రికార్డింగు రోజునే నాకు తెలుసు. అతను దాన్ని పొగడలేదు. అంటే మిగతా ఎనిమిదీ...” ఇర్విన్ చీటీల కట్ట చేతిలోకి తీసుకుని, మూడో పాట చీటీ దగ్గర చాలాసేపు ఆగాడు. “ఊపిరి తీసుకోవడం వినపడిందా ఇతనికి! చెరిపేద్దామని రికార్డింగు ఇంజనీరు ఎంత పోరు పెట్టాడో.”

లోరెటా ముక్కు చీదుకుంది. “ఇది అతనికి ఒక్కసారి చెప్పి ఉంటే?”

“చెబితే అరవడం మానేస్తాడేమోనని భయం” అన్నాడు ఇర్విన్. చీటీల కట్ట అంచులు సర్ది, “చెప్పాల్సింది” అన్నాడు.

పదింటికి పాతకాపులు వచ్చారు. గస్ పంచదార రొట్టెల పెట్టె బల్ల మీద పెట్టి, ఖాళీ తలుపు చూసి ఆగిపోయాడు. చేతిలో స్టాప్‌వాచ్ ఉంది. దానితో ఏం చెయ్యాలో తోచనట్టు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“రెక్స్ ఏడీ? లోరెటా, ఆ చెత్తను పారేశావా?”

వెనక మోటారు తిరుగుతోంది. లోరెటా గస్ వైపు కాకుండా వెనక్కి తిరిగింది. గొంతు సవరించుకుంది.

“మూడో పాటలో పియానో ఆగే చోట అతను ఊపిరి తీసుకుంటాడు! అది విన్నావా ఎప్పుడైనా?” అని అరిచింది.

గస్ నోరు తెరిచాడు. బొటనవేలు దానంతటదే స్టాప్‌వాచ్ మీదికి వెళ్లింది. “నాలుగు సెకన్లు” అన్నాడు, మెల్లగా. “నీకూ అంటుకుందేమిటి, తల్లీ?”

మోటారు ఆగింది.

“మరి ఐదోది?” అని వెనక నుంచి ఇర్విన్ అడిగాడు.

లోరెటాకు దగ్గు తెర వచ్చింది.