గేజు పగిలిన పూట

మా చర్చిలో డోలక్ వాయించే అతన్ని పాత బావిలోంచి తాడు కట్టి పైకి లాగారు. లాగేటప్పుడు రాతి అంచుకు తల కొట్టుకుని చర్మం లేచిపోయింది గానీ రక్తం కారలేదు. అప్పటికే ప్రాణం పోయిందని దాన్ని బట్టే తెలిసింది. మోటారు గొట్టం అడుగునుండే ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కుందని పొద్దున్నే దిగాడు. పైనున్న అన్నతో మాట్లాడుతూ మాట్లాడుతూనే మెట్ల మీంచి జారి పడిపోయాడట. వెంటనే దిగబోయిన ఆ అన్నను నలుగురు కలిసి నేలకేసి అదిమిపట్టారు. లేకపోతే రెండో శవం కూడా లేచేది.

నేను పనిచేసే చోటు ఆ బావికి దగ్గరే, కోదాడ దగ్గరి చిలుకూరు దాటాక. సిమెంటు ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడును వేరుచేసి, భూమి కింద రాతి పొరల్లోకి పంపి దాచే ప్రయోగం అక్కడ నడుస్తోంది. దాచింది దాచినచోటే ఉందా, పైకి పాకుతోందా అని చూడటం నా పని. నేల మీద డబ్బాలు బోర్లించి మట్టిలోంచి వచ్చే గాలిని కొలుస్తాను. చుట్టుపక్కల బోర్ల నీళ్లు పరీక్షకు పంపుతాను. లోతుగా తవ్విన పరిశీలన బోరు తల మీద గేజు ఉంటుంది, దానిలో ఒత్తిడి చూస్తాను. నేల నోరు తెరిచి మనుషుల్ని మింగిన సంగతి సండే స్కూల్లో విన్నప్పటి నుంచి నాకు నేలంటే భయం. ఆ భయం ఈ పనికి మంచిదే అనుకున్నాను. దేవుడు నన్ను అక్కడ కావలివాడిగా నిలబెట్టాడని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

మా వైపు పాత బావిలోకి దిగే ముందు లాంతరు వెలిగించి తాడుతో కిందికి వదులుతారు. దీపం ఆరిపోతే కింద ఊపిరాడని గాలి ఉన్నట్టు, ఎవరూ దిగరు. ప్రయోగం మొదలయ్యాక పంచాయతీ గోడకు ఒక బోర్డు పెట్టారు. కొలతలు చూసుకుని రోజూ దాని మీద ‘ఈరోజు గాలి బాగుంది’ అని సుద్దతో రాసేవాణ్ని. అది మా కంచె చుట్టూ ఉన్న నేల గురించి చెప్పిన మాట. ఊళ్లో దాన్ని ఊరంతటికీ, బావులన్నిటికీ కలిపి చెప్పిన మాటగా తీసుకున్నారు. లాంతర్లు అటకెక్కాయి. ఆ పొద్దున తల్లి దీపం దింపమంటే, “మీటరోళ్లు బాగుందని రాసిండ్రు గదనే అమ్మా” అని నవ్వి దిగాడట.

ఎండ ముదిరేసరికి జనం మా కంచె దగ్గరికి వచ్చారు. చేతుల్లో గడ్డపారలు, గొడ్డళ్లు. అందులో సగం మంది ఆదివారం నా పక్కన మోకరించేవాళ్లే. కాపలాదారు గేటు వదిలేసి వరిగట్ల మీద పడి పరుగెత్తాడు. మిర్యాలగూడలో ఉండే మా సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తే, “తాళమేసి నువ్వు గూడ పో, పోలీసోళ్లు చూసుకుంటరు” అన్నాడు. నేను పోలేదు. గేజు కింది గొట్టం విరిగితే లోపలున్నది బయటికొస్తుంది. అది మామూలు గాలి కంటే బరువు, నేల పట్టుకుని పల్లానికి పాకుతుంది. పల్లంలో మా వాడ ఉంది, అంగన్‌వాడీ ఉంది. ఆ పూట నేను కాపాడవలసింది ఆ గొట్టం ఒక్కటే.

చనిపోయినవాడి అన్న అందరికంటే ముందున్నాడు. ఆయనా నేనూ ఒకే రోజున సాగర్ కాలువలో బాప్తిస్మం తీసుకున్నాం.

“పక్కకు జరుగు,” అన్నాడు.

“దీన్ని కొట్టకన్నా. కొడితే లోపలున్నది ఇప్పుడొస్తది. కింద పిల్లలున్నరు.”

“ఇప్పుడొస్తదా. మరి పొద్దున వచ్చిందేంది?”

“అది బావిలో కుళ్లిన చెత్త గాలి కావచ్చు. పరీక్ష చేస్తే తెలుస్తది.”

“బోర్డు మీద బాగుందని రాసిందెవరు?”

“నేనే.”

“రాసేటప్పుడు మా బావిల తొంగి సూసినవా?”

“లేదు.”

వెనక నుంచి ఎవరో, “ఆయనకేంది, జీతమొస్తుంటే అన్ని గాలులూ బాగనే ఉంటయి” అన్నారు. “ప్రార్థన జేయమనుండ్రి, గ్యాసు ఆగుతదేమో” అని ఇంకొకడు. కొందరు నవ్వారు. శవం ఇంకా నులకమంచం మీద ఉండగానే నవ్వారు.

మొదట ఒక రాయి వచ్చి పై పెదవి చీల్చింది. నేను గొట్టాన్ని వాటేసుకుని కూలబడ్డాను. వీపు మీద తన్నారు, జుట్టు పట్టి లాగారు. ఆ అన్న చేతి గడ్డపార నా కుడి భుజం మీద పడినప్పుడు ఎముక విరిగిన చప్పుడు చెవి లోపల వినిపించింది. రెండో చెంప చూపమన్న మాట నాకు గుర్తు రాలేదు. బైబిల్లో, పొలంలో తమ్ముడి మీద పడి చంపిన మొట్టమొదటి అన్న గుర్తొచ్చాడు. లేవగలిగి, ఆ గడ్డపార నా చేతికి దొరికితే నేనూ ఆ పనే చేసేవాణ్ని.

రెండో దెబ్బ గేజుకు తగిలింది. దాని మెడ విరిగి, చెవులు చిల్లులు పడే ఈలతో తెల్లటి పొగ నేల మీదికి దుమికింది. జనం చెల్లాచెదురయ్యారు. “పల్లం దిక్కు ఉరకొద్దు, గట్టెక్కుండ్రి” అని అరిచాను. నోట్లో రక్తం నిండి ఎంతమందికి వినబడిందో తెలియదు. గేజు కింద చిన్న వాల్వు ఉంటుంది, అది మూస్తే ఆగుతుంది. దాని చక్రం దెబ్బకు వంకరపోయింది. కుడి చెయ్యి లేవలేదు. ఎడమ చేత్తో పట్టుకుంటే ఒత్తిడి వదిలిన గాలికి ఇనుము మంచులా గడ్డకట్టి ఉంది, అరచేతి చర్మం దానికి అంటుకుని ఊడింది.

ఆ అన్న ఒక్కడే పారిపోలేదు. దగ్గుతూ నా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“ఎటు తిప్పాలె?”

“గడియారం తిరిగే దిక్కు. ఊపిరి బిగబట్టన్నా.”

తువ్వాలు చేతికి చుట్టుకుని, నేనూ ఒరిగి బరువు మోపగా తిప్పాడు. ఈల సన్నబడింది, ఆగింది. ఆయన అక్కడే మోకాళ్ల మీద పడి కక్కుకున్నాడు.

నన్ను కోదాడ దవాఖానకు, అక్కడి నుంచి సూర్యాపేటకు తీసుకెళ్లి భుజంలో ప్లేటు వేశారు. ఎవరు కొట్టారని పోలీసులు అడిగారు. పాస్టరు గారు మంచం పక్కనే నిలబడి, సంఘం పరువు ఆలోచించమన్నట్టు చూశారు. అబద్ధ సాక్ష్యం పలకొద్దని నాకు నేర్పింది ఆయనే. కొట్టింది ఎవరో చెప్పాను, వాల్వు మూసిందీ ఆయనేనని చెప్పాను. పోలీసులు మొదటి మాటే పట్టించుకున్నారు. ఆయన జైలుకు వెళ్లాడు. చర్చిలో నా వరస బల్ల మీద చాలా ఆదివారాలు నేనొక్కణ్నే కూర్చున్నాను.

ఆయన బెయిలు మీద వచ్చేనాటికి పరీక్ష ఫలితం కూడా వచ్చింది. కిందికి పంపే గాలిలో గుర్తు కోసం మరో వాయువును కాస్త కలుపుతాం. బావి గాలిలో ఆ గుర్తు లేదు. ఆ మాట చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“అంటే మీది గాదు.”

“కాదన్నా. బావిదే. ఆకులు, బురద కుళ్లి పుట్టింది.”

“కంపెనీ గిట్ల చెప్పమన్నదా?”

“బావి కాడ మావోళ్లు సీసాల గాలి పడుతుంటే మీ అమ్మ సూసింది. ఆమెనడుగు.”

“గట్లయితే నా తమ్ముణ్ని ఎవరు సంపిండ్రు?”

కొట్టడానికి ఎవరూ మిగలని మనిషి ముఖం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఆయన నా భుజం వైపు చూసి, “చెయ్యి లేస్తదా?” అన్నాడు.

“పూర్తిగా లేవదన్నరు.”

“మంచిగైంది,” అన్నాడు. తర్వాత అరుగు మీద కొంచెం జరిగాడు.

కూర్చున్నాను. ప్రార్థన చేద్దామా అని అడిగాను.

“నువ్ జెయ్యి. నేను ఇనను.”

చేశాను. ఆమేన్ దగ్గర ఆయన గొంతు కలవలేదు. లేచి లోపలికి కూడా పోలేదు.